బయట కూర్చుని ఏలే విద్య

1996 ఎన్నికల్లో జనం కాంగ్రెస్‌ను ఓడించారు. పీవీ నరసింహారావు అయిదేళ్లు నడిపిన ప్రభుత్వం పోయి, పార్టీకి 140 సీట్లు మిగిలాయి. ఓడినవాళ్లు ప్రతిపక్షంలో కూర్చోవాలని హైస్కూల్లో పౌరశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. పాపం, ఆ పాఠం రాసినాయన ఢిల్లీ చూసినట్టు లేదు. ఓడిన కాంగ్రెస్ ప్రతిపక్షంలో కూర్చోలేదు, ప్రభుత్వంలోనూ చేరలేదు. ‘బయటి నుంచి మద్దతు’ ఇచ్చింది.

ఎందుకయ్యా అంటే, మతతత్వ శక్తుల్ని అధికారానికి దూరంగా ఉంచడానికట. 161 సీట్లతో పెద్ద పార్టీగా వచ్చిన బీజేపీ తరఫున వాజ్‌పేయి గద్దెనెక్కి పదమూడు రోజులకే దిగిపోయారు. పదమూడు పార్టీల యునైటెడ్ ఫ్రంట్ ప్రధాని కోసం వెతుకులాట మొదలుపెట్టింది. జ్యోతిబసును అడిగితే ఆయన పార్టీ ఒప్పుకోలేదు. సీపీఎంకూ బయటే హాయి. అది చారిత్రక తప్పిదమని తర్వాత బసుగారే అన్నారు. చివరికి కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న దేవెగౌడను పట్టుకొచ్చి జూన్ 1న కూర్చోబెట్టారు.

ఈ బయటి మద్దతులో ఉన్న సుఖం మరెందులోనూ లేదు. పెళ్లి పందిట్లోకి అడుగుపెట్టకుండా అరుగు మీదికే విస్తరి తెప్పించుకుని, పప్పులో ఉప్పు తక్కువైందని వంటవాణ్ణి తిట్టే పెద్దమనిషి వైభోగం అది. పెట్రోలు ధర పెరిగితే ప్రభుత్వం తప్పు. రోడ్డు పడితే మా ఒత్తిడి ఫలితం. మంత్రి దొరికిపోతే మాకేం సంబంధం? రాజ్యాంగం 75వ అధికరణంలో మంత్రిమండలి లోక్‌సభకు ఉమ్మడిగా జవాబు చెప్పుకోవాలని రాసి ఉంది. మద్దతు ఉత్తరం ఇచ్చినవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. అంబేద్కర్ అంతటివారికి కూడా ఈ ఊహ తట్టలేదు.

1996 సెప్టెంబరులో కాంగ్రెస్ పగ్గాలు సీతారాం కేసరి చేతికొచ్చాయి. 1997 మార్చి 30, ఆదివారం. ఆఫీసులకు సెలవు, ఉత్తరాలకు కాదు. మద్దతు ఉపసంహరిస్తున్నట్టు కేసరి ఉత్తరం రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మకు చేరింది. చిదంబరం బడ్జెట్ పెట్టి నెల తిరిగింది, అది ఇంకా పాసు కాలేదు. ఏ విధానం మీద తగువు? రైతుల మీదనా, ధరల మీదనా? అవేవీ కావు. దేవెగౌడ తమను పట్టించుకోవడం లేదన్నది అసలు బాధ. ముసలాయనకు తొందరెక్కువైందని దేవెగౌడ సభలోనే దెప్పారు.

ఏప్రిల్ 11న ఓటింగు పెట్టారు. అనుకూలం 158, వ్యతిరేకం 292. ఆ 292లో బీజేపీ ఉంది, కాంగ్రెస్సూ ఉంది. బీజేపీని దూరంగా ఉంచడానికి పుట్టిన మద్దతు ఏడాది తిరక్కుండానే బీజేపీ పక్కన నిలబడి ఓటేసింది. ఇంత సిగ్గుపడాల్సిన రోజున ఎవరైనా సిగ్గుపడ్డారేమోనని వెతికితే నాకైతే కనపడలేదు.

ఆ తర్వాతిది ఇంకా చిత్రం. ఏప్రిల్ 21న అదే ఫ్రంట్, అదే కాంగ్రెస్, అదే బయటి మద్దతు. ప్రధాని మాత్రం గుజ్రాల్. దేశమంతా మూడు వారాలు ఊపిరి బిగబట్టింది ఈ ఒక్క మార్పు కోసం. ఏడు నెలలకు రాజీవ్ హత్యపై జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక బయటికొచ్చింది. అది వేలెత్తి చూపిన డీఎంకేను మంత్రివర్గం నుంచి తీసేయాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. ఫ్రంట్ కుదరదంది. నవంబరు 28న మళ్లీ ఉత్తరం. సభ రద్దయింది, రెండేళ్లు కూడా నిండకుండానే. అంత అంటరానిదైన డీఎంకేతోనే 2004లో పొత్తు పెట్టుకుని, కేంద్రంలో మంత్రి పదవులిచ్చింది కూడా కాంగ్రెస్సే. మరి 1998లో ఓటరు వేలి మీద మళ్లీ సిరా పూసింది దేనికో ఇప్పటికీ అంతుబట్టదు.

ఇది కేసరి కనిపెట్టిన విద్యేం కాదు. 1979లో చరణ్‌సింగ్‌కు ఇందిర ఇచ్చిన మద్దతు ఆయన పార్లమెంటు గడప తొక్కేలోపే ఆవిరైంది. 1990లో చంద్రశేఖర్‌ను నిలబెట్టిన రాజీవ్, తన ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు కాపుకాశారని ఆగ్రహించడంతో ఆ ప్రభుత్వం కూలింది. ఇద్దరు కానిస్టేబుళ్లతో కేంద్ర ప్రభుత్వాన్ని దించగలిగిన దేశం మనదే అయి ఉండాలి.

మనవాళ్లను వదిలేస్తే పక్షపాతం అంటారు. 1996లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో కాంగ్రెస్‌కు 22, తెలుగుదేశానికి 16 వచ్చాయి. ఇక్కడ ఊరూరా కార్యకర్తలు తలలు పగలగొట్టుకుంటుంటే, అక్కడ తెలుగుదేశం మంత్రుల కుర్చీలకు కాంగ్రెస్ కోళ్లు పట్టింది. ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబే. 1998లో ఆయన పార్టీ ఫ్రంట్ గుమ్మం దాటి వాజ్‌పేయి వైపు వెళ్లింది. లోపలికి మాత్రం కాదు, బయటికే! కుర్చీ ఒక్కటే తీసుకుంది, స్పీకర్‌ది. బాలయోగి ఆ కుర్చీకి వన్నె తెచ్చారు, అది వేరే సంగతి. 1999లో 29 మంది ఎంపీలు గెలిచినా మంత్రి పదవులు వద్దనుకుంది. త్యాగమన్నారు. కేంద్రం చేసిన తప్పుల్లో వాటా లేకుండా ఒప్పుల్లో వాటా తీసుకోవడాన్ని త్యాగమంటే, దధీచి ఎముకలు కూడా నొచ్చుకుంటాయి.

వామపక్షాలు 2004లో అదే బాట పట్టాయి. నాలుగేళ్లు యూపీఏకు భుజం కాస్తూనే ధర్నాలు చేశాయి. 2008 జూలైలో అణు ఒప్పందం మీద తెగతెంపులు చేసుకున్నాయి. వీళ్ల తగువు కనీసం ఒక విధానం మీద అని ఒప్పుకోవాలి. అయినా ప్రభుత్వం పడలేదు, 275-256తో బతికింది. సభలో నోట్ల కట్టలు మాత్రం అందరూ టీవీలో చూశారు.

బయటి మద్దతు లేకపోతే ప్రభుత్వాలే ఏర్పడవు, మాటిమాటికీ ఎన్నికలొస్తాయి అని వాదించే పండితులున్నారు. 1996, 1998, 1999. ఎన్నికలు రాకుండా అది కాపాడిన తీరు అదీ. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగిపోతే తెలుగుదేశం, జేడీయూ మంత్రివర్గంలోకే వెళ్లాయి. దాని మంచిచెడ్డలు వేరే లెక్క. కానీ రేపు విమానాశ్రయంలో ఏం జరిగినా ఏ పార్టీ మంత్రిని నిలదీయాలో మనకు తెలుసు. ఆ మాత్రం చిరునామా ఉండాలి.

రేపెప్పుడో మళ్లీ ఎవరికీ మెజారిటీ రాని సభ వస్తుంది. మీరు ఓటేసి పంపిన ఎంపీ టీవీ ముందుకొచ్చి, దేశ ప్రయోజనాల దృష్ట్యా బయటి నుంచి మద్దతిస్తున్నామని చేతులు జోడిస్తాడు. ఊరికి రానివ్వండి. ఏ శాఖ తీసుకుంటావో చెప్పు, లేదంటే వెళ్లి ప్రతిపక్షంలో కూర్చో అని మొహం మీదే అడగండి.