పది సెంట్ల సెంటు గులాబీ

నరసరావుపేట పూలకొట్లలో మా పెదనాన్న పేరు చెబితే ముందు నవ్వుతారు, తర్వాత టీ తెప్పిస్తారు. ఎకరంన్నర తోటలో చామంతి, కనకాంబరం, ఎర్ర హైబ్రిడ్ గులాబీ పండిస్తాడు. అమ్మేది అవే. కాలవగట్టు పక్కన పది సెంట్లలో మాత్రం వాళ్ల నాయనమ్మ నాటిన సెంటు గులాబీ. అది అమ్మడు, కొయ్యనివ్వడు. "ముందు తరాలకు!" అంటాడు. ఇప్పటి తరం వాసన చూడాలన్నా గట్టుమీద నించునే.

పెళ్లికి అందరూ కవరు ఇస్తారు. ఈయన చివర పేడముద్ద పెట్టి, తడి గోనెపట్టాలో చుట్టిన కొమ్మ ఇస్తాడు. మా బంధువుల్లో పెళ్లికూతుళ్ల పట్టుచీరలకు ఆ మరక ఉండాల్సిందే. తర్వాత ఎన్నేళ్లకు కనిపించినా పిల్లలెందరని అడగడు. "బతికిందా?" అంటాడు. ఓసారి అత్తగారిని ఐసీయూలో పెట్టి బయట నించున్న అల్లుణ్ణి కూడా ఇలాగే అడిగాడు.

ఆ పువ్వుకు లోకజ్ఞానం లేదు. కాడ పొట్టి, బొకేకి పనికిరాదు. పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి రెక్కలు రాల్చేస్తుంది. వాసన మాత్రం, పన్నీరుబుడ్డి ఒలికినట్టే. ఆ పది సెంట్లలో మిరప వేస్తే ఎంతొచ్చేదో కొడుకులు ఏటా సంక్రాంతికి లెక్క కట్టి చూపిస్తారు. ఈయనేమో ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ చేస్తూ ముందే ఉద్యోగం వదిలి, కొడైకెనాల్ కొండెక్కి కొత్త గులాబీలు సృష్టించిన వీరరాఘవన్ గారి కథ ఎత్తుకుంటాడు. "ఆయన కలెక్టరుగిరీ వదిలాడు, మీరు మిరప వదల్లేరంట్రా?"

నాకూ ఓసారి చదువు చూపించాలని బుద్ధి పుట్టింది. "పెదనాన్నా, ఇది నాటుదేం కాదు. ఎడ్వర్డ్ గులాబీ. 19వ శతాబ్దం మొదట్లో ఆఫ్రికా పక్కనున్న రీయూనియన్ దీవిలో చైనా గులాబీ, డమాస్కస్ గులాబీ కంచెలో కలిసి పుట్టింది. అప్పుడు ఆ దీవి పేరు బూర్బన్" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "మిరపకాయ ఏ ఊరిదిరా? బుడతకీచులు తేలా? కోటప్పకొండ తిరనాళ్లలో బజ్జీ తినేటప్పుడు అడిగావా?"

నా పెళ్లికొమ్మ హైదరాబాదు బాల్కనీలో మూడు నెలలకే పోయింది. నిజం చెప్పే ధైర్యం లేక, ఆయన వస్తున్నాడంటే నర్సరీలో అదే రంగు మొక్క కొని కుండీలో పెట్టాను. చెప్పులన్నా విప్పకుండా బాల్కనీలోకి వెళ్లి, మొక్క మొదట్లో మట్టి వేలితో గీకాడు. "అంటుముడి కనపడతంది. మనది కొమ్మ గుచ్చితే బతికేది, దానికి ముడెక్కడిదిరా?" అని, తిట్టకుండా సంచీలోంచి తడి గోనెపట్టా తీశాడు. ముందే తెచ్చుకున్నాడు!

ఈసారిది బతికింది. మొన్న మొదటి మొగ్గ విచ్చింది. శుక్రవారం పూజకని మా ఆవిడ చెయ్యి చాపితే, "ఆగాగు, ఇంకో ఏడాది చెట్టు బలపడనీ" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఫోన్ తీసింది.

"మావయ్యగారూ, మీకు వారసుడు దొరికాడు. నాకు మాత్రం పువ్వు లేదు."



అటునుంచి ఆయన గొంతు నాక్కూడా వినపడింది. "బతికిందా?"