ఆగలేదు కదా అని

జనం ఫోన్లు ఆగలేదు కాబట్టి కేబుల్ తెగడం పెద్ద విషయం కాదు అనుకున్నా. ఆ తెలివితక్కువతనం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఫైబర్ కేబుల్ రింగులో రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి వరసగా ఉండేవి. శ్రీకాళహస్తి నుంచి కేబుల్ వేరే దారిన చుట్టి మళ్లీ రేణిగుంటకు చేరేది. ఒక వైపు తెగితే ట్రాఫిక్ రెండో వైపు నుంచి నడుస్తుంది. ఎస్‌డీహెచ్ అనే పాత ఫైబర్ పద్ధతి రోజుల నుంచీ అలా మళ్లడానికి పెట్టుకున్న గడువు 50 మిల్లీసెకన్లు. ఫోన్లో మాట్లాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఈథర్నెట్ రింగుల్లోనైతే ఒక లింకును కావాలనే మూసి ఉంచుతాం, లేకుంటే ప్యాకెట్లు తిరుగుతూనే ఉంటాయి. ఎక్కడన్నా తెగగానే ఆ లింకు తెరుచుకుంటుంది. తెగినచోట అతికించాక కూడా రింగు వెంటనే పాత దారికి రాదు, మామూలుగా 5 నిమిషాలు ఆగి చూసుకుంటుంది. ఎంత జాగ్రత్తగా ఆలోచించి చేశారో! ఆ జాగ్రత్త చూసే నేను నిశ్చింతగా ఉండిపోయా.

రోడ్డు పనుల్లో జేసీబీ రేణిగుంట వైపు కేబుల్‌ను తెంపేసింది. స్క్రీన్ మీద అలారం వచ్చింది, ట్రాఫిక్ శ్రీకాళహస్తి మీదుగా మళ్లింది, ఒక్క కంప్లయింటూ రాలేదు. స్ప్లైసింగ్ టీం వేరేచోట ఉంది. తవ్వకం ఇంకా అవలేదు, అతికించినా మళ్లీ తెంపుతారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అలారం చూసినట్టు నొక్కి పక్కన పెట్టేశా. ఆ క్షణం నుంచి అది రింగు కాదు, రెండు కొసలున్న మామూలు తీగ. ఏర్పేడుకు ఇక ఒక్కటే దారి. ఆ సంగతి తెలిసి కూడా ఊరుకున్నా.

వానలు పట్టుకున్నాయి. శ్రీకాళహస్తి వైపు ఒక కల్వర్టు దగ్గర మట్టి కోసుకుపోయి, దాంతోపాటే కేబులూ పోయింది. టవర్లు కూడా ఆ ఫైబర్ మీదే కాబట్టి సెల్లు, నెట్టు ఒకేసారి ఆగిపోయాయి.

నేను ఏర్పేడు చేరేసరికి బ్యాంకు మిత్ర కొట్టు ముందు జనం నిలబడి ఉన్నారు. వేలిముద్ర మిషను తిరుగుతూనే ఉంది, డబ్బు రావడంలేదు. నా చేతిలో టూల్ కిట్ చూసి ఒక పెద్దమ్మ దగ్గరికొచ్చింది. "ఏం నాయనా, ఇంగా ఎంతసేపు? ఆవును కట్టేసొచ్చినా, పాలు పిండాల." బొటనవేలికి అంటిన సున్నాన్ని కొంగుతో తుడుచుకుంటూ నా ముఖంలోకే చూస్తోంది. వాన వల్లమ్మా అన్నా. అది సగమే నిజం.

ఫైబర్ ఎక్కడ తెగిందో చూపే ఓటీడీఆర్ పెట్టి చూస్తే రెండు వైపులా రెండు తెగినచోట్లు. ఒకటి ఆ రోజుది, రెండోది నేను వదిలేసింది. దాన్ని తెగిన రోజే అతికించి ఉంటే ఆవిడ డబ్బు తీసుకుని ఎప్పుడో ఇంటికి పోయేది.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం గ్రామ పంచాయతీలను రింగుల్లో కలపాలంటోంది. మంచి నిర్ణయం, ఎప్పుడో రావాల్సింది. ఆ పనిలోకి వచ్చే కుర్రవాళ్లకు నేను చూపించేది నా లాగ్ పుస్తకమే. రింగు దారి మార్చిన నిమిషాన్నే అందులో అంతరాయం మొదలైన సమయంగా రాస్తున్నా. కంప్లయింటు వచ్చినా, రాకపోయినా.