సర్టిఫికెట్ బావ

పెండ్లి కార్డు మీద పేరు పక్కన బీటెక్ ఒక్కటే వేస్తే చాలదని, ‘ఏజెడ్-900’ అనే సర్టిఫికెట్ పేరు కూడా వేయమన్నాడట మా సర్టిఫికెట్ బావ. బాన్సువాడ ప్రెస్సాయన అది బండి నంబరనుకొని, “కట్నం సంగతులు కార్డు మీద వద్దు సార్” అని మెల్లగా చెవిలో చెప్పాడట.

బావది నిజాంసాగర్. జావా నేర్చుకొస్తానని అమీర్‌పేట పోయినవాడు మైత్రీవనం మెట్ల దగ్గర అజూర్ పోస్టరు చూసి జావా మానేశాడు. అజూర్ సగంలో ఉండగా డెవాప్స్‌కు డిమాండ్ అని ఎవరో అన్నారు. నేర్చుకోవడం సగంలో ఆగినా పరీక్షలు మాత్రం ఆగలేదు. అమెజాన్ వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకు 150 డాలర్లు కట్టాడు, బాపు వడ్లు అమ్మిన పైసలు. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు, వెయ్యికి 720 వస్తే పాసు. డంపులు, అంటే బయట దొరికే ప్రశ్న-జవాబులన్నీ బట్టీ కొట్టిన బావ ప్రశ్న సగం చదివేసరికే ‘సి’ నొక్కేవాడు. కుబర్నెటిస్ వాళ్ల సీకేఏ పరీక్ష జోలికి మాత్రం పోలేదు. రెండు గంటలు నిజమైన మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు మరి.

నవ్వుతున్నాను గానీ, ఆ కాగితానికి విలువ లేదనను. మా దిక్కు నుంచి పోయే పిల్లలకు కంపెనీలో మాట చెప్పే మనిషి ఉండడు. వందల రెజ్యూమెల్లోంచి ఒకటి పైకి తేలాలంటే అందులో ఏదో ఒక పేరు మెరవాలి. బావ రెజ్యూమె తేలింది కూడా. ఇంటర్వ్యూలో “అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఏం చేస్తారు?” అన్నారు. బావ ఓపిగ్గా కాసేపు చూసి, “ఆప్షన్లు చెప్పండి సార్” అన్నాడు.

దసరాకు నిజాంసాగర్ గేట్లెత్తారని అందరం కట్ట మీదికి పోయినప్పుడు మా కాక బావను పట్టుకున్నాడు.

“మల్లేదో పరీక్షంట?”

“పాతదాని గడువైపోతది మామ. మూడేండ్లే.”

“ఈ కట్ట కట్టిన నవాబు గూడ సదివిండు గద?”

“అలీ నవాజ్ జంగ్. ఇంగ్లండుల, కూపర్స్ హిల్ కాలేజీ.”

“ఆయన సర్టిఫికెట్‌కు గడువుండెనా?”

“లేదు మామ.”

1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన కట్టను కాక ఓసారి పైనుంచి కిందిదాకా చూశాడు. “నయమే. లేకుంటే మూడేండ్లకోసారి మల్ల కట్టుమందురు.”

చివరికి బావకు ఉద్యోగం వచ్చింది, అదీ సర్టిఫికెట్లతోనే. అమెజాన్‌కు పార్ట్‌నర్‌గా పై మెట్టెక్కాలనుకునే కంపెనీ, తన దగ్గర ఇంతమంది సర్టిఫికెట్ ఉన్నవాళ్లున్నారని చూపించాలి. అట్లాంటి కంపెనీ ఒకటి బావను కళ్లకద్దుకొని తీసుకుంది. సర్వర్ దగ్గరికి మాత్రం రానివ్వడం లేదు. నెలనెలా జీతం వేస్తూ, రెన్యువల్ ఫీజు కూడా వాళ్లే కడుతున్నారు.

“గంత పెద్ద కంపెనీల ఏం పని చేస్తవ్ రా?” అన్నాడు కాక.

“లెక్కల ఉంట మామ.”

బావ అకౌంట్స్‌లో కుదిరాడని కాక ఊరంతా చెప్పుకుంటున్నాడు.