బ్లిట్జ్ బాబాయ్

జగ్గయ్యపేట బస్సు నందిగామ బస్టాండులోకి ఇంకా మలుపు తిరుగుతూనే ఉంది. బాబాయ్ తుండుగుడ్డ అప్పటికే కిటికీలోంచి దూరి సీట్లో కూర్చుంది.

“చూశావట్రా? దీన్నే బ్లిట్జ్ అంటారు. అవతలివాడికి ఆలోచన తట్టేలోపు మీద పడిపోవాలి” అని నావైపు తిరిగి వివరం చెప్పాడు. వివరం పూర్తయి మేం లోపలికి వెళ్లేసరికి తుండుగుడ్డ మీద ఓ మామ్మ కూర్చుని ఉంది. పక్క సీట్లో ఆవిడ మూట, మూట మీద మనవడు. “నీదా నాయనా?” అంటూ తుండుగుడ్డ కిందనుంచి లాగి చేతికిచ్చింది.

కొడుకు దగ్గర ఆర్నెల్లు అమెరికాలో ఉండొచ్చిన తండ్రులు మా మెట్టలో వీధికి ముగ్గురున్నారు. ఒకాయన బాదంపప్పు తెస్తాడు. ఒకాయన రోడ్డు మీద చెత్త వేసేవాళ్లని తిట్టే అలవాటు తెస్తాడు. మా బాబాయ్ డాలస్ నుంచి ఫుట్‌బాల్ తెచ్చాడు, అదీ చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్. కారు లేనిదే గడప దాటలేని ఊళ్లో, ఆదివారాలన్నీ సోఫాలో కూర్చుని అదే చూశాడు. మొదటి వారం సిమెంటు లారీలు గుద్దుకుంటున్నట్టు అనిపించిందిట. మూడో వారానికి అందులో చెడుగుడు కనిపించింది. వయసులో ఉన్నప్పుడు ఆయన సంక్రాంతి పందేల్లో ఎడమ కార్నరు. కూతకొచ్చినవాడి చీలమండ దొరికిందా, ఉడుంపట్టే. 2022లో నందిగామా, పేటా రెండూ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లిపోయినా, బాబాయ్ ఇంకా కృష్ణా జిల్లా తరఫునే ఆడుతున్నాడు.

“వాళ్లు పదకొండు మంది, మనం ఏడుగురం. మిగతాదంతా ఒకటే” అంటూ కడ్డీ పట్టుకుని నిలబడే మొదలెట్టాడు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. విసరకముందే వాణ్ణి పడగొట్టడం ఎదుటివాళ్ల పండగ. 1960ల్లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో డీకన్ జోన్స్ అనే ఆజానుబాహుడు, అడ్డొచ్చినవాడి తల మీద ఒక్కటిచ్చి, వాడు తేరుకునేలోపు దాటిపోయేవాడు. 1977లో ఆ దెబ్బని నిషేధించారు. ఆ నోటీసు తనకే వచ్చినట్టు బాబాయ్ ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

తర్వాత బడీ ర్యాన్ వచ్చాడు. షికాగో బేర్స్ డిఫెన్సుకి గురువు. ఎనిమిది మందిని ముందు గీత దగ్గరికి తోసి, వాళ్లలో ఎవడు ఉరుకుతాడో ఎవడు ఆగుతాడో తెలియకుండా చేశాడు. ఆ వ్యూహం పేరు ‘46’, డగ్ ప్లాంక్ అనే ఆటగాడి చొక్కా నంబరు. 1986 జనవరిలో సూపర్ బౌల్ 46-10తో గెలిచారు.

“వ్యూహమూ నలభయ్యారే, పాయింట్లూ నలభయ్యారే! దైవలీల కాకపోతే ఏంట్రా?”

ఆ దైవలీలకో చిల్లుంది. అదే సీజన్లో మయామి డాల్ఫిన్స్ వాళ్లని 38-24తో ఓడించింది. మయామి క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో బంతిని చేతిలో ఉంచుకునే మనిషి కాదు. ఎనిమిది మంది మీద పడేలోపే వదిలేసేవాడు. ముందుకి ఉరికినవాడి వెనకంతా ఖాళీయే కదా. ఈ సంగతి బాబాయ్ చెప్పడు. నేనే ఫోన్లో చూసి పట్టుకున్నాను.

“అందుకేగా డిక్ లెబో జోన్ బ్లిట్జ్ తెచ్చాడు!” అన్నాడు నేను అడక్కుండానే. ముందున్నవాడు ఉరుకుతున్నట్టే ఉండి వెనక్కి తగ్గుతాడు, ఎక్కడో వెనకున్నవాడొచ్చి మీద పడతాడు. ఇప్పుడు అదీ పలచబడింది. చాలాసార్లు నలుగుర్నే పంపుతున్నారు. తక్కినవాళ్లు వెనక్కి జరుగుతారు, బాగా లోతున ఇద్దరు కాపు కాస్తారు. ‘చిన్న చిన్నవి వేసుకో నాయనా, ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తావుగా’ అని ఓపిక పడతారు. బాబాయ్‌కి ఇది గిట్టదు. దీనికి ఆయన పెట్టిన పేరు కునుకుపాటు డిఫెన్సు.

“మన ఆటలోనూ ఆ తెగులే పట్టిందిరా. ప్రో కబడ్డీలో రెండు కూతలు ఖాళీగా పోతే, మూడో కూతకి పాయింటు తేవాలి, లేకపోతే ఔటు. దాంతో మనవాళ్లు రెండు కూతలూ చేతులు కలుపుకుని ఊరికే నిలబడుతున్నారు, మూడోదాని కోసం కాచుకుని.” కాస్త ఆగి నిట్టూర్చాడు. “2018 ఏషియాడ్ సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27-18తో కొట్టిందా? వాళ్ల ఫజల్ అత్రాచలి ఎడమ కార్నరే. చోటు నాది, పతకం వాడిది.”

పేట వచ్చింది. మేం వచ్చిన పని అప్పుడు చెప్పాడు. మామిడికాయల బేరంలో పిన్ని మాట మధ్యలో దూరి బేరం చెడగొట్టినందుకు, ఆవిడ పుట్టింటికొచ్చి పది రోజులయింది.

“చెప్పులు విడవకముందే ‘సంచీ సర్దు’ అనెయ్యాలిరా. మంచినీళ్లు పుచ్చుకున్నామా, ఆట పోయినట్టే.”

పిన్ని గుమ్మంలోనే కనపడింది.

“సంచీ సర్దు!”

“అలాగేనండీ. ఎండన పడొచ్చారు, ముందీ మజ్జిగ తాగండి.”

మొదటి కూత ఖాళీ. గ్లాసు దించి మళ్లీ వెళ్లాడు.

“ఇంకేం, పద మరి.”

“పదండి, భోజనం కాగానే.”

ముద్దపప్పు, కొత్తావకాయ, మీగడపెరుగు. ఆపైన కునుకు. బాబాయ్ లేచేసరికి మూడున్నర. నాకు చెమటలు పట్టాయి, ఇది మూడో కూత.

“ఏమే, వస్తున్నావా, లేదా?”

పిన్ని జాడీకి వాసెన కడుతూ తలెత్తలేదు. “పొద్దున అబ్బాయి ఫోన్ చేశాడండీ. ఈసారి నన్నొక్కదాన్నే రమ్మన్నాడు. నాన్నగారొస్తే టీవీ వదలరుట.”

చీలమండ దొరికింది.

చాలాసేపటికి బాబాయ్ నోరు పెగిలింది. “అయితే... ఎప్పుడొస్తావ్?”

“మూడోరోజు ఆవకాయ తిరగెయ్యాలిగా. అది కానిచ్చి చూద్దాం. వెళ్లేముందు బజారు నుంచి ఇంకో జాడీ పట్రండి.”

పట్టుకొచ్చాడు. ధర కూడా అడగలేదు.

సాయంత్రం నందిగామ బస్సొచ్చింది. జనం తోసుకుంటున్నారు, కిటికీల్లోంచి సంచులూ, కండువాలూ, ఓ చంటిబిడ్డా లోపలికి వెళ్తున్నారు. బాబాయ్ తుండుగుడ్డ భుజం మీదే ఉంది. అందరూ ఎక్కాక నెమ్మదిగా ఎక్కి, వెనకాలకెళ్లి నిలబడ్డాడు.

“తొందరేం లేదురా. చిల్లకల్లులో ఎవరో ఒకరు దిగకపోరు.”

చిల్లకల్లులో ఎవరూ దిగలేదు. పన్నెండు మంది ఎక్కారు. బాబాయ్ తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, ముందు సీటాయన సంచీ సర్దుకుంటాడేమోనని అటే చూస్తూ నిలబడ్డాడు.