ఓడీబీసీ డ్రైవరు జీవితకథ

ఈ జీవితకథ లినక్స్ సర్వర్లలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కూ, దాని నుంచి సమాచారం కోరే అప్లికేషన్లకూ నడుమ పనిచేసే ఓడీబీసీ డ్రైవరుది. ఏ డేటాబేస్‌నైనా ఒకే పద్ధతిలో సంప్రదించే వీలు కల్పిస్తూ 1992లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన ఓడీబీసీ ప్రమాణం దీని వంశమూలం కాగా, లినక్స్‌లో దీనిని పిలిచి పని పురమాయించే పెత్తనం సాధారణంగా యూనిక్స్‌ఓడీబీసీ అనే డ్రైవర్ మేనేజర్‌ది.

ఈ డ్రైవరు తనంతట తాను నడిచే ప్రోగ్రాము కాదు. వేరొక ప్రోగ్రాము నడుస్తుండగా మెమరీలోకి లోడై దానికి తోడ్పడే షేర్డ్ లైబ్రరీ. దీని ఫైలు ఎక్కడుందో ‘ఓడీబీసీఇన్‌స్ట్.ఐఎన్‌ఐ’లోనూ, ఏ సర్వరులోని ఏ డేటాబేస్‌కు వెళ్లాలో ‘ఓడీబీసీ.ఐఎన్‌ఐ’లోనూ రాసి ఉంటుంది. సర్వరుతో నేరుగా మాట్లాడే పనిని ఇది లిబ్‌పీక్యూ అనే మరో లైబ్రరీకి అప్పగిస్తుంది, ఆ లిబ్‌పీక్యూ ఎన్‌క్రిప్షన్ కోసం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలను ఆశ్రయిస్తుంది. ఇలా ఒకదాని వెనుక ఒకటిగా అవసరమయ్యే లైబ్రరీలనే డిపెండెన్సీలు అంటారు.

దీని జీవితంలోని అపవాదులన్నీ ఆ వరుసలోనే పుడతాయి. లిబ్‌పీక్యూ దొరకనప్పుడు మేనేజర్ తరచుగా ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అంటూ డ్రైవరు ఫైలు పేరే చూపుతుంది కనుక, కళ్లెదుట ఉన్న ఫైలు లేదనడమేమిటని నిర్వాహకుడు తికమకపడి దానినే మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు. అసలు లోపాన్ని పట్టించేది ఎల్‌డీడీ కమాండు: డ్రైవరు ఫైలు మీద దానిని నడిపితే అవసరమైన లైబ్రరీలన్నీ వరుసగా కనిపించి, లేనిదాని పక్కన ‘నాట్ ఫౌండ్’ అని వస్తుంది. లిబ్‌పీక్యూ డిస్కులో ఉండి కూడా, లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే లోడర్ వెతికే డైరెక్టరీల్లో లేకపోతే, ఆ డైరెక్టరీని లోడర్ కాన్ఫిగరేషన్‌లో చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే సరిపోతుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తగాదా ఇంకా చిక్కైనది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన లినక్స్ పంపిణీ ఉబుంటు 22.04 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో వచ్చినందున, 1.1 వెర్షన్‌తో నిర్మించిన పాత లైబ్రరీలకు అక్కడ ఆధారం లేకుండా పోయింది. అటువంటప్పుడు కొత్త ఫైలుకు పాత పేరుతో లింకు పెట్టడం కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే, ఎందుకంటే ఫైలు దొరికినా అందులో పాత వెర్షన్ గుర్తులు లేక లోడర్ మళ్లీ తిరస్కరిస్తుంది. ఆ పంపిణీకి తగిన ప్యాకేజీని వేసుకోవడమే సరైన మార్గం. 64 బిట్ ప్రోగ్రాములోకి 32 బిట్ డ్రైవరు లోడు కాదన్నది కూడా ఇదే కోవలోని నియమం.

ఇవన్నీ చక్కబడ్డాక ఐఎస్‌క్యూఎల్ అనే పరీక్షా సాధనంతో కనెక్షన్ ప్రయత్నించినప్పుడు పాస్‌వర్డ్ తప్పని జవాబు వస్తే నిర్వాహకుడు విసుక్కోవచ్చు గానీ, ఆ జవాబు చెప్పింది సర్వరే కనుక, అది ఈ డ్రైవరుకూ దాని వెనుకనున్న లైబ్రరీలకూ దక్కిన నిర్దోషిత్వ ధ్రువపత్రం.