ఘంటసాల ఏడవోయిండు?

మా జైనూర్‌లో లగ్గం కుదిరిందంటే ముందు మాట్లాడేది వంటాయనను కాదు, డీజేను. కూరలో ఉప్పు తక్కువైతే చుట్టాలు గొణుక్కుని ఊకుంటారు గానీ, బరాత్‌లో పాట ఆగితే పెండ్లికొడుకు కూడా బండి దిగొచ్చి ఏమైందని అడుగుతాడు. పైగా ఇది ఒక్క భాషతో సరిపెట్టుకునే ఊరు కాదు. తెలుగు పాట అయిపోగానే గోండీ పాట పడాలి, తర్వాత లంబాడీ, ఆ వెనక మరాఠీ, నడుమ ఎవరో వచ్చి హిందీ పాట చీటీ రాసిస్తారు. ఇవన్నీ ఒక్క ఫోన్‌లో ఉంటాయి. ఆ ఫోన్‌కూ, మనిషెత్తు సౌండ్ బాక్సులకూ మధ్య ఉండేది మూరెడు తీగ. పెండ్లివారి పరువంతా ఆ మూరెడు మీదే.

ఆ తీగకు ఒక కొసన ఒక పిన్ను, ఇంకో కొసన రెండు ఉంటే వై కేబుల్ అంటారు, స్ప్లిట్టర్ అంటారు. మా మామ పంగల వైరు అంటాడు. మా దగ్గర బీరువా మీద ప్లాస్టిక్ కవర్ లేని ఇల్లు చూపించండి. ఆ కవర్లో పాత చార్జర్ల నడుమ ఒక పంగల వైరు లేకపోతే నన్నడగండి. ఎందుకు కొన్నారో ఎవరికీ గుర్తుండదు, పారేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఈ తీగల విషయంలో మా వాళ్లందరికీ ఒకటే సిద్ధాంతం: పిన్ను దూరితే పాట వస్తది. దూరకపోతే దూరేదాకా ఇంకో పిన్ను తగిలించాలి. పిన్నుల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మాత్రం ఇవి ఒకదానికొకటి చుట్టాలు కావు. డీజే వాళ్లు పీ-38 అనే లావు పిన్ను పాటల కోసం పుట్టలేదు. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆపరేటర్లు ఒకరి లైను ఇంకొకరికి కలపడానికి బోర్డులో గుచ్చిన పిన్ను అది. పావు అంగుళం లావు, 6.35 మిల్లీమీటర్లు. టీవీ వెనక ఎరుపు, తెలుపు రంగుల్లో ఉండే ఆర్‌సీఏ పిన్నుకు ఆ పేరు రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా నుంచి వచ్చింది. ఇయర్‌ఫోన్ల సన్న పిన్ను 3.5 మిల్లీమీటర్లది, ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో వ్యాపించింది. 1979లో సోనీ మొదటి వాక్‌మన్‌కు ఆ సన్న రంధ్రాలు రెండు పెట్టింది, ఇద్దరు కలిసి వినొచ్చని. అంటే పంగ ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చారన్నమాట. ఇప్పుడొచ్చే చాలా ఫోన్లకు ఆ ఒక్క రంధ్రం కూడా లేదు.

మా మామ బిడ్డ లగ్గంలో ఈ మూడు జాతుల పిన్నులూ ఒక్కచోట కలిశాయి. మామ అంతకు ముందే హోమ్ థియేటర్ కొన్నాడు. ఐదు చిన్న డబ్బాలు, ఒక పెద్ద డబ్బా. కొన్న సామాను నలుగురు చూడకపోతే కొన్నట్టే కాదు గనుక ఆయన ఆజ్ఞ ఏమంటే, పందిట్లో డీజే బాక్సుల్లో మోగే పాటే ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లకు హోమ్ థియేటర్‌లో కూడా మోగాలి. మామ ఫోన్‌కు పంగల వైరు, ఒక పంగ ఇంట్లోకి, ఇంకో పంగ మిక్సర్‌కు.

ఇందులో మామ తప్పేమీ లేదు. ఒక్క దగ్గర నుంచి వచ్చే పాటను రెండు దిక్కులకు పంచడం పంగల వైరు చేయదగిన పనే. పాటను అందుకునే సామాను ఫోన్ నుంచి గుంజుకునే కరెంటు బహు తక్కువ, ఇద్దరికి పంచినా ఫోన్‌కు బరువు కాదు.

మొదటి చిక్కు గొంతు దగ్గర వచ్చింది. ఇంటి సామానంతా మూడో వంతు వోల్టు కంటే కొంచెం తక్కువలో మాట్లాడుకుంటుంది, లెక్కకు 0.316 వోల్టులు. స్టూడియోల్లో, స్టేజీల మీద వాడే సామానుకు అలవాటైన మట్టం 1.23 వోల్టులు. దాదాపు నాలుగు రెట్లు, డెసిబెల్స్‌లో చెప్తే 12కు కాస్త తక్కువ. ఫోన్ పాట చిన్నగా వస్తుందని డీజే తమ్ముడు గెయిన్ గుబ్బను కడదాకా తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఎవరో మామకు ఫోన్ చేశారు. మామ రింగుటోన్ కోడికూత. సందెవేళ ఊరంతా వినేట్టు కోడి కూసింది. పెద్దవాళ్లు అపశకునమని గుసగుసలాడుకున్నారు, పంతులు గారు వాచీ చూసుకున్నారు. పాటలు పెట్టే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచాలని ఆనాటి నుంచి మా ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు.

అసలు తమాషా తర్వాత. కొత్త పాట పెట్టారు. బాక్సుల్లో తబలా అంచులు, వయొలిన్లు, కోరస్ అన్నీ వస్తున్నాయి. పాడే మనిషి మాత్రం బావిలో పడ్డవాడిలా ఎక్కడో లోపల నుంచి వినబడుతున్నాడు. దుం దుం మనే బేస్ అసలే లేదు. పోరగాళ్లు ఎత్తిన చేతులు దించేశారు. ఈ లోగా మా అవ్వ లోపల నుంచి కబురు పంపింది: "పొద్దుగాల సంది గీ దరువులేనాయె, ఒక్క ఘంటసాల పాట పెట్టుండ్రి బిడ్డా."

పెట్టారు. పందిట్లో దాదాపు నిశ్శబ్దం.

"ఏమైందిరా?" అన్నాడు మామ.

"పాట నడుస్తనే ఉంది పెదనాయినా, చూడుండ్రి, గీత ఉరుకుతంది" అని డీజే తమ్ముడు ఫోన్ చూపించాడు.

మామ ఇంట్లోకి పోయాడు. అక్కడ హోమ్ థియేటర్‌లో ఘంటసాల హాయిగా పాడుతున్నాడు, అవ్వ కండ్లు మూసుకుని తల ఊపుతోంది. మామ బయటికి వచ్చాడు. లేడు. మళ్లీ లోపలికి పోయాడు. ఉన్నాడు. గడప మీద నిలబడి నన్ను పిలిచాడు.

"అల్లుడూ, లోపట పాడుతుండు, బయట పాడుతలేడు. ఘంటసాల ఏడవోయిండు?"

ఘంటసాల ఎక్కడికీ పోలేదు, పిన్నులో ఇరుక్కున్నాడు. ఫోన్ పిన్నుకు మూడు భాగాలుంటాయి: కొసన ఎడమ పాట, నడుమ కుడి పాట, అడుగున ఎర్తు. డీజే తమ్ముడు దానికి మూడు భాగాల పీ-38 తగిలించి మిక్సర్లో గుచ్చాడు. చక్కగా దూరింది. కానీ మిక్సర్‌లోని ఆ రంధ్రం బ్యాలెన్స్‌డ్ రకం. స్టేజీ నుంచి పొడుగు తీగ లాగినప్పుడు దారిలో దూరే గోల రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, ఒకదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే గోల పోయి మైకు మాట మిగులుతుంది. దాని పుట్టుకే ఆ తీసివేత కోసం. మనం ఎడమ పాట, కుడి పాట ఇస్తే అది వాటిని కూడా తీసివేతే చేస్తుంది. సినిమా పాటలో గాయకుడూ బేసూ నట్టనడుమ, రెండు వైపులా సమానంగా ఉంటారు. సమానమైంది సమానంలోంచి పోతే సున్నా. మిగిలేది పక్క వాయిద్యాలు, గొంతుకు కలిపిన ప్రతిధ్వని. ఇక ఘంటసాల నాటి పాటలు మోనో. ఎడమ, కుడి రెండూ ఒకటే. అందుకే ఆయన వాద్యబృందంతో సహా మాయమయ్యాడు.

సన్న పిన్ను నుంచి రెండు విడి పీ-38లు వచ్చే తీగ ఒకటి ఆ కవర్లోనే దొరికింది. రెండిటినీ రెండు చానళ్లలో గుచ్చి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిప్పితే ఘంటసాల చరణం మధ్యలో పందిట్లోకి వచ్చేశాడు. జనం ఈలలు వేశారు.

పాట వచ్చింది, వెంట గుయ్‌మని ఒక మోత కూడా వచ్చింది. 50 సైకిళ్ల కరెంటు మోత. డీజే జనరేటర్ మీద, హోమ్ థియేటర్ ఇంటి మీటర్ మీద. రెండు ఎర్తులకు పొత్తు కుదరక ఆ తేడా పంగల వైరు మీదుగా పారుతోంది. డీజే తమ్ముడు కటింగ్ ప్లేయర్ తీసి ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరవబోయాడు. ఇది మాత్రం నవ్వుకునే సంగతి కాదు. తడి పందిరి కింద ఎర్తు లేని ఆంప్లిఫయర్‌ను ముట్టుకుంటే మనిషి పోతాడు. మోతకు మందు మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, లేదంటే రెండు సామాన్లకూ ఒకే బోర్డు నుంచి కరెంటు. మేం రెండోది చేశాం. ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతికి జనరేటర్ నుంచి ఇంట్లోకి లాగడానికి చాలాసేపే పట్టింది.

ఆ సందులో, పెండ్లికి వచ్చిన గూడెం దోస్తులు ధోల్, సన్నాయిలాంటి పెప్రె అందుకున్నారు. మేం తీగలు లాగుతుంటే ఊరు ఊరంతా వాళ్ల చుట్టూ చేరి ఆడుతోంది. దీపావళి నాటి గోండుల దండారి ఆట చూసినవాళ్లకు ఆ చప్పుడు చెప్పనక్కర్లేదు. నెమలీకల టోపీలతో గుస్సాడీ ఆటగాళ్లు దిగితే పక్క ఊరికి వినబడుతుంది, గెయిన్ గుబ్బ లేకుండా. మా మండలంలోని మార్లవాయిలోనే 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఉండి గోండుల జీవితం రాసుకున్నాడు; గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనక రాజుదీ ఆ ఊరే. ఈ మధ్య పోరగాళ్లు దండారికి కూడా మైకు పెడుతున్నారు. నన్నడిగితే పెప్రెకు మైకు అక్కర్లేదు, మైకుకే పెప్రె కావాలి.

మోత తగ్గిందనుకుని కూర్చున్నానో లేదో మా బామ్మర్ది వచ్చాడు.

"బావా, రెండు పంగలున్నయి గద. ఒకదాంట్ల నా ఫోను, ఇంకోదాంట్ల మా దోస్తు ఫోను పెడితే ఒక పాట కాంగనే ఇంకో పాట. ఎట్లుంటది?"

వినడానికి బాగుంటుంది. పంచే వైరును తిరగేసి కలిపే వైరు చేద్దామని ఊరూరా ఒక బామ్మర్దికి తోస్తూనే ఉంటుంది. కానీ ఒక ఫోన్ పంపే పాట, మిక్సర్ దాకా పోవడం కంటే పక్కనున్న రెండో ఫోన్లోకి పోవడమే తేలిక అనుకుంటుంది, ఎందుకంటే ఫోన్ బయటికిచ్చే దారిలో అడ్డు కొన్ని ఓములే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుని పాట సన్నగిల్లి, బొంగురుపోతుంది. తప్పదంటే ప్రతి దారిలో వెయ్యి ఓముల రెసిస్టర్ ఒకటి టంకం వేయాలి. వాడికి ఇదంతా చెప్పి, ఎదురుగా ఉన్న పన్నెండు చానళ్ల మిక్సర్ చూపించాను. అందులో ఎనిమిది రంధ్రాలు ఖాళీ. కలపడానికే పుట్టిన డబ్బాను పక్కన పెట్టుకుని వైరులో కలుపుతానంటాడు.

"గది వాళ్లది గద బావా" అన్నాడు.

అప్పగింతలయ్యాక మామ నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"అల్లుడూ, ఇగ గీ వైర్ల లొల్లి వద్దు. బ్లూటూత్‌కు పంగలు పెట్టే సామాను ఏమన్న దొరుకుతదా?"

"దొరుకుతది మామా. కాని పాట జర ఎనుకకు వస్తది. ఇంట్ల ఒకసారి, బయట ఒకసారి వినవడ్తది."

"ఎంత ఎనుకకు?"

"సెకనుల ఐదో వంతో, పావు వంతో."

"గంతేనా! మనం తాళి గట్టించుడే రెండు గంటలు ఎనుకకాయె. రెండు తెప్పియ్యి, ఒకటి మీ ఇంటికి."