ఏ బోరింగురా?

ఎండాకాలం సెలవులకు బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ముదిగుబ్బకు వచ్చినాడు. పన్నెండేళ్లవాడు. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మంచం మీద బోర్లా పడుకొని "అవ్వా, చానా బోరింగ్" అన్నాడు.

మా అమ్మ బిందె చేతిలో పట్టుకొని వంటింట్లో నుంచి బయటికి వచ్చింది. "ఏ బోరింగురా? గుడికాడిదా? దాంట్లో నీళ్లు రాక మూడేండ్లాయ."

తప్పు మా అమ్మది కాదు. ఆమెకు తెలిసిన బోరింగు ఒకటే, చేతిపంపు. 1970లలో యునిసెఫ్ సాయంతో తయారైన ఇండియా మార్క్ 2. పదిసార్లు కొడితే గాలి, పదకొండోసారికి నీళ్లు. మా ఇంట్లో బోరింగు కొట్టడమంటే నడుం పడిపోయే పని. పిల్లోడి ఇంట్లో బోరు కొట్టడమంటే ఏ పనీ లేకపోవడం. ఒకే మాట ఊరు మారేసరికి ఇట్లా తిరగబడింది.

ఇంగ్లిషువాళ్లకు కూడా ఈ మాట మొదట రంధ్రం పెట్టడమే. విసుగనే అర్థం పద్దెనిమిదో శతాబ్దంలో మొలిచింది. డికెన్స్ 1852-53లో సీరియల్‌గా రాసిన 'బ్లీక్ హౌస్' నవలలో డెడ్‌లాక్ దొరసాని అని ఒకామె ఉంటుంది. బోరు కొట్టి చచ్చిపోతున్నానంటుంది. ఆమె ఎస్టేటులో మాత్రం ఒకటే వాన! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ మబ్బుకు బుద్ధి పుడితే పడే సీమలో, మా వైపు, ఆ పుస్తకం చదివితే దొరసాని మీద జాలి కలగదు. ఆ వాన కొంచెం ఇటు పంపరాదా తల్లీ అనిపిస్తుంది.

మాకు బోరు అంటే బోరే. పదో తరగతిలో సైన్సు అయ్యవారు బోర్డు మీద "బోర్ నమూనా, 1913" అని రాస్తే, వెనక బెంచీలో ఒకడు లేచి "సార్, ఎన్ని ఇంచుల నీళ్లు పడినాయి?" అని అడిగినాడు. తన్నులు తిన్నాడనుకోండి. నీల్స్ బోర్‌కు 1922లో నోబెల్ బహుమతి వచ్చింది. నీళ్లు కూడా పడింటే మా ఊర్లో ఇంకా మర్యాద దక్కేది.

పెండ్లి సంబంధానికి వచ్చినవాళ్లు పిల్లోని చదువు తర్వాత అడుగుతారు, ముందు చేన్లో ఎన్ని బోర్లని అడుగుతారు. "మూడుండాయి" అని గట్టిగా చెప్పి, "ఒకటి పోస్తాంది" అనేది దగ్గులో కలిపేయాల. రెండించులు పోసే బోరున్నవాడు బోర విరుచుకొని నడుస్తాడు. లేనివాని ఇంట్లో బోరుమనడం ఒకటే మిగులుతుంది. ఈ బోరుమనడం మాత్రం అచ్చ తెలుగు, ఇంగ్లిషువాళ్ల దగ్గర అప్పు తెచ్చింది కాదు.

పిల్లోడు వచ్చిన ఆ వారమే మా నాయన నాలుగో బోరుకు దిగినాడు. టెంకాయతో నీళ్లు చూసేవాడు వచ్చి, అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకొని చేనంతా తిరిగినాడు. చింతచెట్టు దగ్గర టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. పాయింటు దొరికింది! మూడో బోరుకు పాయింటు చూపించింది కూడా ఈ మనిషే. టెంకాయ మాత్రం వేరు. దాన్ని అప్పుడే చట్నీ చేసుకొని తినేసినాము.

తిరుచెంగోడు రిగ్గు రాత్రి పదికి చేన్లో దిగింది. పైమట్టి దాటేదాకా కేసింగు దించి, ఆ తర్వాత రాతిని కొట్టడం మొదలుపెట్టినారు. మా నేల కింద ఉండేదంతా గట్టి రాయి. నీళ్లుంటే దాని పగుళ్లలోనే. పగులుకు నాలుగడుగులు పక్కన దిగితే పాతాళం దాకా పోయినా దుమ్మే. ఇరవై అడుగుల రాడ్డు ఒకటి దిగినప్పుడల్లా మా నాయన పోయి పిడికెడు దుమ్ము తెచ్చి, లైటు కింద నలిపి చూస్తాడు, తడి తగులుతుందేమోనని. అడుగుకింతని లెక్క కాబట్టి ఆ దుమ్ము సెనిక్కాయల కంటే ఖరీదు. అర్ధరాత్రికి అందరి తలలూ తెల్లబడినాయి. పొద్దున స్నానం చేస్తే మా తలలు మళ్లీ నల్లబడినాయి. నాయనది మాత్రం ఒక్కో బోరుకు కొంచెం కొంచెం నిజంగానే నెరిసింది.

పిల్లోడు ఫోను యాడ పారేసినాడో వానికే తెలీదు. బండ మీద కూర్చొని, రాడ్డు దిగినప్పుడల్లా బొగ్గుతో ఒక గీత గీస్తున్నాడు. కన్నార్పడం లేదు. రిగ్గు మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. రాడ్డు మార్చేటప్పుడు రెండు నిమిషాలు మోత ఆగితే నా జేబులో ఫోను మోగింది. మా అక్క. వాని చేతికిచ్చినాను.

"ఒంటిగంటయింది, ఇంకా నిద్రపోలేదా? ఏమిరా, బోరా?"

"అవునమ్మా. ఇరవైనాలుగు రాడ్లయినాయి, 480 అడుగులు. ఇంకా దుమ్మే. పెట్టేయ్, ఇంకో రాడ్డు ఎత్తుతాండారు."